60 దాటాక గుండెలో రంధ్రం మూయించినవాళ్ళు ఉన్నారా?

పలమనేరు సుజాత: మా అమ్మకు 66 ఏళ్ళు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రాత్రిళ్ళు గుండెదడ. ఎకోలో పై గదుల మధ్య గోడకు 22 మి.మీ. రంధ్రం ఉందని, కుడివైపు గుండె పెరిగిందని చెప్పారు. డివైస్ (రంధ్రానికి అడ్డుపెట్టే చిన్న మూత) పెట్టి మూయొచ్చట. మా మేనమామేమో ‘ఇన్నేళ్ళు దాంతోనే బతికింది కదా, ఇప్పుడెందుకు గెలకడం’ అంటాడు. ఏం చేయాలో తోచడం లేదు, ఒకటే టెన్షన్.

చంద్రగిరి రమణ: అక్కా, మా నాయనకు 63 ఏళ్ళప్పుడు చేయించినాం. వయసు మీదపడే కొద్దీ ఎడమవైపు కింది గది బిరుసెక్కుతుంది, దానికి బీపీ తోడవుతుంది. దాంతో రంధ్రంలోంచి కుడివైపుకు మళ్ళే రక్తం ఇంకా పెరుగుతుంది. అన్నేళ్ళూ బాగున్న మనిషికి ఇప్పుడు ఆయాసం రావడం అందుకే. ఛాతీ కోయలేదు, తొడ దగ్గర సిరలోంచి పంపించి పెట్టేశారు. ఇప్పుడు తెల్లారేసరికి పాల క్యాన్ సైకిల్‌కు తగిలించుకుని ఆయనే కేంద్రానికి పోతాడు. దడ మాత్రం పోలేదు. ఆ దడ ఉన్నందుకు రక్తం పల్చబడే మాత్ర జీవితాంతం వేసుకోవాలన్నారు. రంధ్రం మూస్తే అన్నీ పోతాయని ఆశపెట్టుకోవద్దు.

తిరుపతి క్యాథ్‌ల్యాబ్ నర్సు: రమణ గారు దడ గురించి చెప్పింది నిజం. పై గది ఏళ్ళ తరబడి సాగిపోయి ఉంటుంది కాబట్టి 40 దాటాక మూసినా చాలామందికి ఆ లయ తప్పడం మిగిలిపోతుంది. ఆయాసం తగ్గడం మాత్రం 60, 70 ఏళ్ళవాళ్ళలో కూడా చూస్తుంటాం.

సుజాత గారూ, వయసు ఒక్కటే చూసి వద్దనుకోకండి. చూడాల్సింది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్, ఎడమ గది బిరుసు. ఆ గది ఇన్నేళ్ళూ తక్కువ రక్తానికి అలవాటు పడి ఉంటుంది. ఒక్కసారిగా దారి మూస్తే రక్తమంతా దాని మీదే పడి, ప్రెషర్ వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. పెద్దవాళ్ళలో నాకు అన్నిటికంటే భయం దీని గురించే. అందుకే అనుమానం ఉన్నవాళ్ళకు ముందు బెలూన్‌తో రంధ్రాన్ని కాసేపు మూసి ఎడమ పై గదిలో ప్రెషర్ కొలుస్తారు. బాగా పెరిగితే ఆపేసి, నీరు తగ్గే మందులిచ్చి తర్వాత మళ్ళీ చూస్తారు. కొందరికి మధ్యలో చిన్న కంత ఉంచిన డివైస్ పెడతారు. ‘బెలూన్ టెస్ట్ అవసరమా’ అని మీ డాక్టరును తప్పకుండా అడగండి.

గొంతులోంచి చేసే ఎకో కూడా ముఖ్యం. డివైస్ పట్టుకోవడానికి రంధ్రం చుట్టూ అంచు ఉందా, పై గదిలో రక్తం గడ్డ ఉందా అనేది అందులో తెలుస్తుంది. అంచు చాలకపోతే ఆపరేషనే.

పుత్తూరు భాస్కర్: మా పెద్దమ్మకు రంధ్రం మూయడం కుదరదన్నారు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ పెరిగిపోయి రంధ్రంలో రక్తం కుడి నుంచి ఎడమకు ఎదురు తిరిగింది, నాలుగడుగులు వేస్తే వేలికి పెట్టే మీటర్‌లో ఆక్సిజన్ పడిపోయేది. ఈ దశలో మూస్తే కుడివైపు గుండె తట్టుకోలేదని వెల్లూరులోనూ అదే మాట చెప్పారు. ఆ ప్రెషర్ తగ్గించే సిల్డెనాఫిల్ మాత్ర మీద ఉంది. ఇరవై ఏళ్ళ ముందే ఎకో తీయించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ప్రెషర్ ఎంతో తేలకుండా ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోవద్దక్కా.

పలమనేరు సుజాత: పద్మావతి హృదయాలయంలో చూపించొచ్చా? ఇంకోటి, అమ్మకు అలిపిరి మెట్లెక్కే మొక్కు ఉంది. బాగయ్యాక ఎక్కొచ్చా?

తిరుపతి క్యాథ్‌ల్యాబ్ నర్సు: అది చిన్నపిల్లల ఆసుపత్రి అమ్మా, 2021లో మొదలైంది. పెద్దవాళ్ళకైతే తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రిలో కార్డియాలజీ ఓపీకి వెళ్ళండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం వర్తిస్తుందా అనేది అక్కడ ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను అడగండి. మెట్లు 3,550. 60 దాటిన గుండెజబ్బువాళ్ళను నడకదారిన రావద్దని టీటీడీ కూడా చెబుతోంది, బస్సులో తీసుకెళ్ళండి. డివైస్ పెట్టాక ఆరు నెలలు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు మానకూడదు, ఈలోపు పన్ను పీకించాల్సి వస్తే ముందే చెప్పి యాంటీబయాటిక్ వేసుకోవాలి. ఇంటికొచ్చాక ఛాతీ నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే తెల్లారే దాకా ఆగకండి. డివైస్ జారడం, గోడను ఒరుసుకోవడం అరుదే, కానీ అలా జరిగితే ప్రతి నిమిషమూ ముఖ్యమే.

పలమనేరు సుజాత: సోమవారం గొంతు ఎకో ఉంది. బెలూన్ టెస్ట్ సంగతి చీటీలో రాసుకున్నా. మామను కూడా వెంట తీసుకెళ్తాను, డాక్టరు నోటితోనే వింటాడు.