ఖాళీ సైట్లు, ఫుల్ బోర్డు: క్యాంప్‌గ్రౌండ్లన్నీ ఆన్‌లైన్ బుకింగేనా, కొన్ని వచ్చినవాళ్లకి వదలాలా?

నరసరావుపేట_డాలస్

పోయిన నెల శుక్రవారం ఆఫీసు నుంచి రెండింటికే బయటపడ్డాను. అద్దెకు తెచ్చిన 26 అడుగుల ఆర్వీ (లోపలే పడకా వంటా ఉండే బండి), మా ఆవిడ, పిల్లలిద్దరు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, ఒక గిన్నెడు పులిహోర. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగం) వాళ్ల లేక్ ఒకటి (పేరు వద్దులెండి), అక్కడి క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాం. గేటు దగ్గర బోర్డు: ఫుల్.

సరే, వెనక్కి తిప్పుకోవాలంటే లోపలికి వెళ్లి లూప్ చుట్టి రావాల్సిందే కదా. ఆ చుట్టులో లెక్కపెట్టాను. నీళ్ల పక్కనే 11 సైట్లు, అంటే బండో టెంటో పెట్టుకునే జాగాలు, ఖాళీ. కరెంటు పెట్టె ఉంది, కుళాయి ఉంది, చెట్టు నీడ ఉంది, గుంజకి 'రిజర్వ్‌డ్' అని చీటీ ఉంది. మనిషి లేడు. గేటులో కూర్చున్న పెద్దావిడ పాపం మంచిదే. "రేపు చెక్ అవుట్ టైమ్ దాకా వాళ్ల పేరు మీదే ఉంచాలి, నా చేతుల్లో ఏం లేదు" అంది.

రాత్రి ట్రక్ స్టాప్‌లో పడుకున్నాం. రెండు వైపులా ఫ్రిజ్ ట్రక్కులు, తెల్లారేదాకా ఇంజన్ల రొద. "ఇన్ని ఖాళీ పెట్టుకుని ఫుల్ అంటారేంటి బాబూ, పెళ్లిళ్ల సీజన్లో సత్రం వాడు కూడా ఇలా చెయ్యడు" అన్నారు అత్తయ్యగారు. నా దగ్గర జవాబు లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. జనం పన్నుతో కట్టిన లేకుల్లో ప్రతి సైటూ ఆర్నెల్ల ముందే ఆన్‌లైన్లో అమ్మేయడం అన్యాయం. మూడో వంతైనా వచ్చినవాళ్లకి వదలాలి. మీరేమంటారు?

కరీంనగర్_కాకా

అన్నా, నీ బాధ అర్థమైతది గానీ ఒప్పుకోను. రిక్రియేషన్ డాట్ గవ్‌ల, గదే సర్కారు బుకింగ్ వెబ్‌సైట్ల, చాలా క్యాంప్ సైట్లకు ఆర్నెల్ల ముందు మన టెక్సాస్ టైం పొద్దుగాల తొమ్మిదింటికి బుకింగ్ తెరుస్తరు. మే ఆఖర్ల మెమోరియల్ డే సెలవుకు కావాల్నంటే నవంబర్ల థాంక్స్‌గివింగ్ వారంలనే బుక్ చెయ్యాలె. నేను మీటింగ్ మ్యూట్ల వెట్టి, రెండు లాప్‌టాప్‌లు తెరిచి కూసుంట. గంత కష్టపడి పట్టుకున్నోని తప్పేంది?

మనకు తెల్వని పద్ధతా ఇది? తిరుమలల మూడొందల టికెట్ నెలల ముందు ఆన్‌లైన్ల తీసుకుంటం. టికెట్ లేకుండ కొండెక్కి 'నన్నెందుకు పంపరు' అని లొల్లి వెడ్తమా?

ఇంకోటి. నాది 30 అడుగుల ట్రెయిలర్. మూడు గంటలు గుంజుకపోయినంక 'జాగ లేదు' అంటే చీకట్ల యాడ తిప్పాలె? చిన్న పోరగాండ్లతోని జూదం ఆడలేను.

నరసరావుపేట_డాలస్

కాకా, తిరుమల మాట నువ్వే ఎత్తావు కాబట్టి అదే పట్టుకుందాం. మూడొందల టికెట్ పక్కనే సర్వదర్శనం కూడా ఉందిగా! టికెట్ లేనివాడు కంపార్ట్‌మెంట్లో గంటలకి గంటలు కూర్చున్నా చివరికి స్వామిని చూసే దిగుతాడు. ఇక్కడ ఆ క్యూనే పీకేశారు. నీ టికెట్ నువ్వు ఉంచుకో. నేనడిగేది ఆ క్యూ.

నైట్‌షిఫ్ట్_అక్క

అట్లాంటా నుంచి. నేను నర్సుని. నా డ్యూటీ చార్టు నాలుగు వారాల ముందు వస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఏ శనివారం సెలవో నాకెలా తెలుస్తుంది? లేక్ లేనియర్ మా ఇంటికి 40 నిమిషాలు. వేసవిలో ఒక్క వారాంతం కూడా ఆ నీళ్ల పక్కన సైటు దొరకలేదు నాకు. ట్రక్కు నడిపే మా తమ్ముడిదీ ఇదే కథ. వాడు రాత్రులు ట్రక్ స్టాపుల్లోనే ఉంటాడు కాబట్టి నరసరావుపేట గారి బాధ వాడికి బాధలా కూడా అనిపించదనుకోండి.

2022లో మోంటానా యూనివర్సిటీ వాళ్లు కొన్ని నేషనల్ పార్కుల మీద ఒక పరిశోధన చేశారు. ఒకే పార్కులో బుకింగ్ సైట్లు ఒక పక్క, ముందొచ్చినవాళ్ల సైట్లు ఒక పక్క. ఫోన్ల లొకేషన్ డేటాతో ఎవరు ఏ ప్రాంతం నుంచి వచ్చారో చూశారు. బుకింగ్ సైట్లలో దిగినవాళ్లు సగటున ఎక్కువ ఆదాయం ఉండే ప్రాంతాల వాళ్లు. ఇందులో కుట్ర ఏమీ లేదు. సెలవు ఎప్పుడో ముందే తెలిసినవాడు, పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు ఖాళీగా ఉండగలిగినవాడు గెలుస్తాడు. కాకా, కోపం తెచ్చుకోవద్దు, అది నువ్వే.

కరీంనగర్_కాకా

ఖాళీగ ఏడున్న అక్కా, మ్యూట్ల ఉన్న.

సియాటిల్_చినుకు

అక్కా, పరిశోధన సరే. కానీ వచ్చినవాళ్లకే అన్న పద్ధతి కూడా బీదవాళ్ల పక్షమేమీ కాదు. మా వైపు ఫారెస్ట్ సర్వీస్ చిన్న క్యాంప్‌గ్రౌండ్లలో ఇంకా అలాంటివి ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగి వెళ్తే దొరుకుతాయనుకున్నారా? బుధవారమే రిటైరైనవాళ్లు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు దిగిపోతారు. ఇంకొందరైతే గురువారం వచ్చి, కవరులో డబ్బు పెట్టి డబ్బాలో వేసి, ఒక చిన్న టెంటు పాతేసి ఇంటికెళ్లిపోతారు. బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టడమే ఇది, కర్చీఫ్ బదులు టెంటు. అలా చేయకూడదని రూలు ఉంటుంది. చూసేవాడే ఉండడు.

నరసరావుపేట గారూ, మీకు నేషనల్ ఫారెస్ట్‌లో డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ (క్యాంప్‌గ్రౌండ్ బయట, ఏ వసతీ లేకుండా అడవిలో దిగడం) ప్రయత్నించాలని లేదా? చాలాచోట్ల 14 రోజుల దాకా ఊరికే ఉండొచ్చు, బుకింగే అక్కర్లేదు.

నరసరావుపేట_డాలస్

సియాటిల్లో కూర్చుని ఎన్నైనా చెప్తారు! టెక్సాస్ ఆగస్టులో, 72 ఏళ్ల మనిషితో, ఏసీ లేకుండా అడవిలోనా? ఏసీ నడవాలంటే 30 ఆంపుల కరెంటు ఉండాలి, లేదా జనరేటర్ వెయ్యాలి. చాలా క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా జనరేటర్ బంద్, అది న్యాయమే. నేను పక్కవాడినైనా తిట్టేవాణ్ణి. అందుకే ఈ కోర్ లేకుల మీద ఇంత పోటీ. నీళ్లు పక్కనే, కరెంటు ఉంది, ప్రైవేటు ఆర్వీ పార్కులో పెట్టే డబ్బులో సగమో అంతకన్నా తక్కువో.

ఆర్వీ_బాబాయ్

పిల్లలూ, మీరందరూ బుకింగ్ ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. రెండు వేసవులు ఒక కోర్ లేక్‌లో క్యాంప్ హోస్టుగా, అంటే అక్కడే ఉండి క్యాంప్‌గ్రౌండ్ చూసుకునేవాడిగా, పనిచేశాను. నా దృష్టిలో తగాదా అక్కడ లేదు. నరసరావుపేట అబ్బాయి చూసిన ఆ 11 సైట్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయి, అది అడగండి.

ఒక లెక్క చెప్తాను. సైటు రాత్రికి 30 డాలర్లు, శుక్ర, శని రెండు రాత్రులు, 60 కట్టావు. నాలుగు రోజుల ముందు రద్దు చేస్తే 10 పోతుంది, 50 వెనక్కొస్తుంది. దిగాల్సిన రోజో, దాని ముందు రోజో రద్దు చేస్తే ఆ 10తో పాటు మొదటి రాత్రి డబ్బు కూడా పోతుంది. అంటే 40 పోయి 20 వస్తుంది. అసలు రద్దే చేయకుండా ఎగ్గొడితే? 20 జరిమానా, మొదటి రాత్రి డబ్బు. 50 పోయి 10 వస్తుంది.

చివరి రోజు మర్యాదగా చెప్పినవాడికీ, ఎగ్గొట్టినవాడికీ తేడా 10 డాలర్లు! పిల్లాడికి జ్వరం వచ్చిన శుక్రవారం సాయంత్రం, 10 డాలర్ల కోసం లాప్‌టాప్ ఎవరు తెరుస్తారు? పైగా సైటు మర్నాడు చెక్ అవుట్ టైమ్ దాకా అలాగే పట్టి ఉంచాలని రూలు. అంటే శుక్రవారం రాత్రి గంగపాలు.

నా వయసువాళ్లది ఇంకా చోద్యం. 62 నిండిన పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ ఈ సర్కారు పార్కులకి, లేకులకి సీనియర్ పాస్ ఇస్తారు, 80 డాలర్లు, జీవితాంతం. 2017 దాకా 10 డాలర్లే, నేను అప్పుడే తీసుకున్నాను. కోర్ సైట్లు మాకు సగం ధర. 15 డాలర్ల సైటు ఎగ్గొడితే ఎవడికి నొప్పి? మూడు లేకుల్లో మూడు బుక్ చేసి, వాతావరణం చూసుకుని ఒకదానికి వచ్చే పెద్దమనుషుల్ని కళ్లారా చూశాను.

(మీ అత్తయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చుంటే ఈ పాస్ రాదు, అడగబోకండి.)

సియాటిల్_చినుకు

అయితే జరిమానా పెంచమంటారా బాబాయ్? కాలిఫోర్నియా స్టేట్ పార్కులకి 2023లో అలాంటి చట్టమే చేశారు. ఆలస్యంగా రద్దు చేస్తే ఎక్కువ కోత, ఏడాదిలో మూడుసార్లు చెప్పకుండా ఎగ్గొడితే ఆ ఏడాదికి బుకింగ్ బంద్.

ఆర్వీ_బాబాయ్

మూడుసార్ల రూలు బాగుంది. డబ్బు కోత ఒక్కటే అయితే ఉన్నవాడికి లెక్కలేదు, ఆ నర్సమ్మ లాంటి వాళ్లకే తగులుతుంది. చివరి నిమిషంలో డ్యూటీ మారేది ఆవిడకే.

మర్నాటి దాకా పట్టి ఉంచడం మాత్రం పూర్తిగా తప్పనలేను. రాత్రి పదకొండింటికి, హైవే మీద టైరు పేలి, చేతులకి గ్రీజుతో ముసలి జంట ఒకటి వచ్చింది ఒకసారి. వాళ్ల సైటు వేరేవాళ్లకి ఇచ్చేసి ఉంటే వాళ్ల మొహం చూడలేకపోయేవాణ్ణి. సాయంత్రం ఎనిమిదిలోపు ఫోన్లో 'వస్తున్నా' అని ఒక్క నొక్కు నొక్కమనాలి. నొక్కకపోతే సైటు గేటు దగ్గర నిలబడినవాడిది. ఇంతోటిదానికి పెద్ద టెక్నాలజీ కావాలా? మీరంతా చేసే పని అదేగా!

నైట్‌షిఫ్ట్_అక్క

బాబాయ్ గారూ, అది వస్తే నాకు చాలు. అయినా నాలుగు సైట్లు గేటుకి వదిలితే బాగుంటుందన్న మాట మీద మాత్రం నేను ఉంటాను. ఫోన్లో నొక్కడం కూడా రాని మనుషులు చేపలు పట్టుకోవడానికి వస్తారు ఆ లేకుల దగ్గరికి. వాళ్లు మనకన్నా ముందు నుంచీ వస్తున్నారు.

కరీంనగర్_కాకా

ఒక మాట చెప్త, తిట్టొద్దు. మొన్న జూన్ల రెండు వారాంతాలు బుక్ చేసిన. ఒకదానికి పోలే. బిడ్డకు సాకర్ మ్యాచ్ వడ్డది. రద్దు చేద్దామనుకున్న, మర్చిపోయిన. బాబాయ్ చెప్పిన గా లెక్క నాకు తెల్వది, నిజంగ. నరసరావుపేట అన్నా, గా పదకొండుల నాది లేదు గని, అసొంటిది ఒకటి నాది ఉండె.

నరసరావుపేట_డాలస్

తిట్టను కాకా. నువ్వు చెప్పావు, ఆ పదకొండు మంది ఎవరో నాకెప్పటికీ తెలీదు.

కరీంనగర్_కాకా

అయితే ఇను. అక్టోబర్ల కాన్రో లేక్ పక్కన కేగల్ క్యాంప్‌గ్రౌండ్ల నాకొక సైటు ఉన్నది. గది నేషనల్ ఫారెస్టే, అయినా కరెంటు, నీళ్లు అన్నీ ఉంటయ్. మాకు పోవుడు కుదుర్తలేదు. నీ పేరు మీదికి మార్చరాదు. నేను ఇప్పుడే రద్దు చేస్త, నువ్వు ఫోన్ పట్టుకొని తయారుండు. పదే కదా పొయ్యేది, పోనియ్.

ఆర్వీ_బాబాయ్

జాగ్రత్త అబ్బాయ్, అలర్టులు పెట్టుకుని కాచుక్కూర్చునే వాళ్లు బోలెడంతమంది ఉంటారు.

నరసరావుపేట_డాలస్

రెడీ కాకా. కానివ్వు.

కరీంనగర్_కాకా

కొట్టిన.

నరసరావుపేట_డాలస్

కనిపించింది. కార్ట్‌లో వేస్తుంటే పోయింది. ఎవరో తన్నుకుపోయారు.

అత్తయ్యగారు వెనకాల నుంచుని ఏమైంది బాబూ అంటున్నారు.