బారు, రెస్టారెంట్లలో పాటలు ఉండాలా? ఉంటే ఎంత సౌండులో?

బైపాస్‌బాబు:
శనివారం రాత్రి తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక బార్ అండ్ రెస్టారెంటుకు పోయినాం. ఏసీ హాలు, తిండి బాగానే ఉండాది. స్పీకరు మాత్రం సరిగ్గా మా నెత్తి మీద. వెయిటరు వంగి చెవి పెట్టి రాసుకున్నాడు, అయినా ఫిష్ ఫ్రై అడిగితే ఎగ్ ఫ్రై వచ్చింది. శానా రోజులకు కలిసిన ఫ్రెండుతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయినా. మీ అనుభవాలు చెప్పండబ్బా.

చిత్తూరోడు:
బెంగళూరు ఇందిరానగర్ పబ్బుల్లో తొమ్మిది దాటితే ఇంగ సైగలే. ఆడికి పోయేది డ్యాన్సుకు కాబట్టి సరే. మన పక్క బారుకు పోయేది కబుర్లకు గదా! ఇంగ్లండులో వెదర్‌స్పూన్ అని వందల బ్రాంచీలుండే పబ్బులు ఉండాయి, వాటిల్లో చాలాచోట్ల పాటలే వెయ్యరు. జనం పోవడం మానలేదే?

కౌంటర్‌వెనక:
నేను బారు నడిపేవాణ్ణే, తిట్టినా పర్లేదు. పాట పూర్తిగా ఆపి చూశాం. హాలు సగం ఖాళీగా ఉన్నప్పుడు ఒక టేబుల్లో సైటు బేరం మాట్లాడితే అందరికీ వినపడుతుంది. వాళ్లు గుసగుసల్లోకి దిగి, తొందరగా బిల్లు అడుగుతారు. సన్నగా పాట ఉంటే మధ్యలో తెర కట్టినట్టు. తంటా అంతా హాలు నిండినాకే. "అన్నా, పాట వినపడలా" అంటాడొకడు. పెంచుతాం. జనం ఇంకా గట్టిగా అరుస్తారు. మళ్లీ పెంచమంటారు.

పీలేరు_పిల్ల:
దాన్నే లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. చుట్టూ గోల పెరిగేకొద్దీ మనకు తెలీకుండానే గొంతు పెంచేస్తాం. మామూలు మాట మీటరు దూరంలో 60 డెసిబెల్స్ అటూ ఇటూ ఉంటుంది. టేబుల్ దగ్గర పాట అంతకన్నా బాగా తగ్గి ఉంటే ఎవరూ అరవక్కర్లేదు. ఫోన్ యాప్ కొలత కచ్చితం కాదు గానీ, ఏ టేబుల్ దగ్గర ఎక్కువుందో తెలిసిపోతుంది. టైల్స్, అద్దాలు, సిమెంటు గోడలే ఉన్న హాల్లో తక్కువ సౌండైనా గింగురుమంటుంది. ఇంకొకటి, మీరు రెండు గంటలు కూర్చుని పోతారు, వెయిటరు షిఫ్టంతా అందులోనే. 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలే హద్దు అంటుంది పనివాళ్ల ఆరోగ్యం, భద్రత గురించి పరిశోధించే అమెరికా నియోష్ సంస్థ. 3 పెరిగినప్పుడల్లా టైము సగమవుతుంది, అంటే 88 అయితే 4 గంటలే. ఈ సంగతి ఓనర్లెవరూ మాట్లాడరు.

తాతయ్య_1:
మా ఇల్లు ఒక బారు వెనక సందులో. పాట వినపడదు, "దుమ్ దుమ్" మాత్రం వినపడుతుంది. కిటికీ మూసినా ఆగదు, అటక మీది స్టీలు మూతలు కూడా అదురుతాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్ దాటకూడదు, వ్యాపార ప్రాంతంలో 55. చెప్పడానికి పోతే "లోపలే కదండీ పెట్టుకున్నాం" అన్నాడు మేనేజరు.

రేణిగుంట_రాకర్:
అందరూ పెద్దోళ్ల మాదిరి మాట్లాడుతుండారే! సౌండు లేకపోతే ఇంట్లో కూర్చుంటే సరిపోలా?

చిత్తూరోడు:
నీకు విడిగా ఒక గది ఇప్పిస్తాంలే తమ్ముడూ, తలుపు మాత్రం వేసుకో.

కౌంటర్‌వెనక:
తాతయ్య గారూ, ఆ "దుమ్ దుమ్" బేస్‌ది. సబ్‌వూఫరు, అంటే ఆ బేస్ స్పీకరు, గోడకు ఆనించి ఉంటే ఇంకా ఎక్కువ పోతుంది. జరిపించి, బేస్ తగ్గించమనండి. లోపలికైతే మూలన రెండు పెద్ద స్పీకర్ల బదులు సీలింగుకు చిన్నవి అక్కడక్కడా పెట్టించాలి. మేం అదే చేశాం. వాల్యూము సగం చాలు, ఏ టేబుల్‌కీ నెత్తి మీద మోత ఉండదు. కుదరంది ఐపీఎల్ రోజులే. టీవీలో కామెంటరీ, పైన పాట, రెండూ కావాలంటారు!

బైపాస్‌బాబు:
స్కోరు కనపడతా ఉంటాది గదా, టీవీ మ్యూట్ చెయ్యి సామీ.