టీవీ స్టిక్‌లో సినిమాలు కుదుపులతో ఆడుతున్నాయి, నెట్ బానే ఉంది. ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. హాల్లో టీవీకి కొత్తగా స్ట్రీమింగ్ స్టిక్ పెట్టాం. బఫరింగ్ లేదు, మాట కూడా పెదాలతో సరిగ్గానే కలుస్తోంది. కానీ కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్ వస్తే చాలు, బొమ్మ ఆగి ఆగి జరుగుతుంది. చివర్లో పేర్లు పైకి వెళ్లేటప్పుడైతే అక్షరాలు వణుకుతున్నట్టే ఉంటాయి. క్రికెట్‌లో బంతి బౌండరీకి దొర్లేటప్పుడూ ఇదే వరస. విచిత్రంగా, ఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేములతో (అంటే 30 బొమ్మలతో) తీసిన పెళ్లి వీడియో మాత్రం చక్కగా ఆడుతుంది.

అందుకే తప్పు నెట్‌ది కాదనుకుంటున్నాను. రౌటర్ పక్క గదిలోనే ఉంది, స్టిక్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకే కలిపాను. టీవీ మామూలు 4కె, 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ చూపిస్తుంది. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు కదా, 60లో అవి సమంగా సర్దుకోవు. ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు చూపించాల్సి వస్తుంది. గొడవంతా అక్కడే అని నా అనుమానం. సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్ మ్యాచ్ (వీడియో ఫ్రేములకు తగ్గట్టు టీవీ హెర్ట్జ్‌ని మార్చేది) ఆన్ చేశాను. పెన్‌డ్రైవ్‌లో సినిమా వేస్తే టీవీ ఒక్క క్షణం నల్లబడి, ఆ తర్వాత బాగా ఆడింది. ఓటీటీ యాప్‌లలో మాత్రం ఏ మార్పూ లేదు.

యాప్ కూడా సపోర్ట్ చేస్తేనే అది పనిచేస్తుందా? మన దగ్గర క్రికెట్ ఎక్కువగా సెకనుకు 50 ఫ్రేములతో వస్తుంది కదా, చూసేటప్పుడల్లా మనమే 50 హెర్ట్జ్‌కి మార్చుకోవాలా? టీవీలో మోషన్ స్మూతింగ్ (మధ్యలో కొత్త ఫ్రేములు చేర్చి కదలికని నున్నగా చేసేది) వేయమని షాపతను చెప్పాడు గానీ, అది వేస్తే సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తోంది. నాకు నచ్చలేదు. ఇంట్లోవాళ్లకేమో తేడానే తెలియడం లేదట! ఇలాంటి స్టిక్ వాడేవాళ్లు మీరేం సెట్టింగ్ పెట్టుకున్నారో కాస్త చెప్పండి.