ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్‌కు బదులుగా ఏ బ్రౌజరు మేలు?

గోదారిగట్టు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడుతున్నది 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోను. పొద్దున్నే తెలుగు వార్తల సైట్లు చదవడం ఆయనకు అలవాటు. వార్త సగం చదివేలోగా తెరంతా కప్పేసే ప్రకటన వస్తుంది. దాన్ని మూసే గుర్తు కంటికి ఆనక ఎక్కడో నొక్కితే, "మీ ఫోనుకు వైరస్ సోకింది" అని బెదిరించే పేజీ తెరుచుకుంటుంది. ప్లే స్టోర్‌లో చూస్తే ప్రతి బ్రౌజరూ తానే వేగవంతమని, తానే సురక్షితమని చెప్పుకుంటోంది. ప్రకటనల బెడద తగ్గాలి, తెలుగు అక్షరాలు చెదరకుండా కనబడాలి, బ్యాంకు పనులకు అడ్డంకి రాకూడదు. ఒకప్పుడు ఆయన ఒపెరా మినీ, ఆ తర్వాత యూసీ బ్రౌజరు వాడేవారు. ఒపెరా మినీనే మళ్లీ పెట్టి ఇవ్వవచ్చా?

రాగిచెంబు:

గోదారిగట్టు గారూ, పేర్లు ఎన్ని కనబడినా ఆండ్రాయిడ్‌లో పేజీని గీసి చూపే ఇంజిన్లు ప్రధానంగా రెండే. బ్రేవ్, ఎడ్జ్, ఒపెరా, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్ అన్నీ క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీదే కట్టినవి. ఫైర్‌ఫాక్స్ ఒక్కటే గెకో అనే సొంత ఇంజిన్‌తో నడుస్తుంది. తెలుగు అక్షరాల గురించి మీరు బెంగ పెట్టుకోనక్కరలేదు. వత్తులనూ గుణింతాలనూ సరైన చోట పేర్చే పనిని క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ హార్ఫ్‌బజ్ అనే ఒకే సాఫ్ట్‌వేరు చేస్తుంది, ఫాంటును సైటు పంపకపోతే ఫోనులో ఉన్నదే వాడుకుంటాయి కాబట్టి, బ్రౌజరు మార్చినంత మాత్రాన అక్షరాలు బాగుపడవు, చెడిపోవు.

అసలు తేడా ప్రకటనలను అడ్డుకోవడంలో ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని క్రోమ్ ఎక్స్‌టెన్షన్లను, అంటే బ్రౌజరుకు విడిగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను, అనుమతించదు. బ్రేవ్‌లో ప్రకటనలను ఆపే ఏర్పాటు పుట్టుకతోనే ఉంటుంది, విడిగా ఏదీ పెట్టనక్కరలేదు. సెట్టింగుల జోలికి వెళ్లని పెద్దవారికి నేను సూచించేది అదే. కాకపోతే క్రిప్టో వాలెట్, రివార్డుల వంటి హంగులను మొదటి రోజే మీరు కూర్చుని కనబడకుండా చేసి, అప్పుడు ఆయన చేతికి ఇవ్వండి.

మంజీర:

రాగిచెంబు గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కు. ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ అందులో పూర్తి బలంతో పనిచేస్తుంది. అది వాడే నిరోధక జాబితాలకు చిక్కని ప్రకటన ఏదైనా మిగిలితే, పేజీలో ఆ భాగాన్ని వేలితో ఎంచుకుని శాశ్వతంగా తొలగించే సదుపాయం కూడా ఉంది. 2020లో ఫైర్‌ఫాక్స్‌ను కొత్తగా తిరగరాసినప్పుడు చాలా ఎక్స్‌టెన్షన్లు దూరమై వాడుకరులు గగ్గోలు పెట్టారు గానీ, 2023 డిసెంబరులో దాన్ని తయారుచేసే మొజిల్లా వారు మళ్లీ ద్వారాలు తెరిచారు. మెనూలు తెలుగులో కనబడడం మరో సౌకర్యం. ఆ అనువాదం స్వచ్ఛంద కార్యకర్తల చలవ.

బ్యాంకు పనుల విషయంలో మాత్రం నా సలహా వేరు. ఒక సైటు మరో సైటు సమాచారాన్ని తొంగిచూడకుండా వేర్వేరు గదుల్లో నడిపే పద్ధతిని క్రోమ్ 2019లోనే, 2 జీబీ లేదా అంతకు మించి ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో, పాస్‌వర్డుతో ప్రవేశించే సైట్లకు అమలు చేసింది. ఈ రక్షణలో ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ చాలాకాలం వెనకబడే ఉంది. అందువల్ల క్రోమ్‌ను తీసివేయకుండా బ్యాంకుకు దాన్ని ఉంచి, చదువుకోవడానికి ఫైర్‌ఫాక్స్ పెట్టండి. ఒకే బ్రౌజరుతో అన్నీ చేయాలన్న నియమమేమీ లేదు కదా.

పాతబస్తీ:

ఒపెరా మినీ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. 2005లో వచ్చిన ఆ బ్రౌజరు కీలకం దాని సర్వర్లలో ఉంది: మీరు అడిగిన పేజీని ముందు ఒపెరా సర్వరు తెరిచి, కుదించి, ఆ సారాన్ని మీ ఫోనుకు పంపుతుంది. 2జీ కాలంలో, మెగాబైటు లెక్కన డబ్బు కట్టిన రోజుల్లో అది వరమే. కానీ గరిష్ఠంగా కుదించే ఆ పద్ధతిలో సైటుకూ మీకూ మధ్య మూడో వ్యక్తి కూర్చుని అంతా చదవగలిగే స్థితి ఉంటుంది గనుక బ్యాంకు పాస్‌వర్డులు అందులో కొట్టకూడదు. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. దాని అవసరమూ చాలావరకు తీరిపోయింది.

యూసీ బ్రౌజరు 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఒకటి. ఇప్పుడు ప్లే స్టోర్ బయట ఎక్కడైనా దాని ఏపీకే ఫైలు (యాప్‌ను నేరుగా పెట్టుకునే ఫైలు) దొరికినా దాని జోలికి పోవద్దు. స్వదేశీదే కావాలనుకుంటే చెన్నైకి చెందిన జోహో సంస్థ వారి ఉలా అనే బ్రౌజరు ఉంది. అదీ క్రోమియం మీద కట్టినదే.

గోదారిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. బ్యాంకుకు క్రోమ్ ఉంచి, వార్తలకు ఫైర్‌ఫాక్స్ పెడతాను. వాట్సాప్‌లో వచ్చే లంకెలు కూడా ఫైర్‌ఫాక్స్‌లోనే తెరుచుకోవాలంటే ఏం చేయాలి?

మంజీర:

ఫోను సెట్టింగులలో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్ అనే చోట బ్రౌజరుగా ఫైర్‌ఫాక్స్‌ను ఎంచుకుంటే వాట్సాప్ లంకెలు అందులో తెరుచుకుంటాయి. ఫేస్‌బుక్ వంటివి మాత్రం లంకెను తమ సొంత కిటికీలోనే తెరుస్తాయి, అక్కడ యూబ్లాక్ పనిచేయదు. లంకెలను బయటి బ్రౌజరులో తెరిచే ఎంపిక ఆ యాప్ సెట్టింగులలో ఉంటే దాన్ని ఆన్ చేయండి.

ఇంకొక్క మాట. వైరస్ బెదిరింపులు బ్రౌజరు తెరవకుండానే, నోటిఫికేషన్ల రూపంలో కూడా వస్తున్నాయేమో గమనించండి. ఎప్పుడో ఏదో సైటు "అనుమతించు" అని అడిగినప్పుడు నాన్నగారు నొక్కి ఉంటే, ఆ అనుమతి క్రోమ్‌లోనే నిలిచి ఉంటుంది; కొత్త బ్రౌజరు పెట్టినా అది పోదు. క్రోమ్ సెట్టింగులలో సైట్ సెట్టింగ్స్, ఆపైన నోటిఫికేషన్స్ తెరిచి, అక్కడ అనుమతి పొందిన తెలియని సైట్లన్నింటినీ తొలగించండి, ఇకపై ఏ సైటూ అడగకుండా ఆ మీటను కూడా ఆపివేయండి. ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇదే పని చేసి ఇవ్వండి.