పిల్లలతో ట్రెయిల్‌కి వెళ్లడానికి ఫుల్‌సైజ్ ట్రక్కు: లిఫ్ట్, గేర్ల విషయంలో సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది నాలుగు తలుపుల ఫోర్డ్ ఎఫ్-150, ఫోర్ బై ఫోర్. వీల్‌బేస్ 145 అంగుళాలు, యాక్సిల్ గేర్ నిష్పత్తి 3.55 (అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ 3.55 చుట్లు తిరుగుతుంది). వెనక సీట్లో రెండు చైల్డ్ సీట్లు ఉంటాయి. రోజూ స్కూలుకి వెళ్లేదీ ఇదే బండి.

ఇంత పొడవాటి బండికి ట్రెయిల్‌లో, అంటే రాళ్ల దారిలో, ముందుగా తగిలేది మధ్యలో పొట్టే. అలాగని లిఫ్ట్ (సస్పెన్షన్ మార్చి బండిని పైకి లేపడం) బాగా పెంచితే పక్కవాలులో బండి ఒరుగుతుందని టెన్షన్, పైగా పిల్లలు ఎక్కలేరు. అందుకే 2 అంగుళాల లిఫ్ట్, 35 అంగుళాల టైర్లు అనుకుంటున్నాను. ఇప్పుడున్నవి 32, కాబట్టి యాక్సిల్ కింద ఒకటిన్నర అంగుళం అదనంగా వస్తుంది. ఛాసిస్‌కి బిగించే రాక్ స్లైడర్లు (తలుపుల కింద రాళ్ల దెబ్బ కాచే ఇనుప కడ్డీలు) తప్పకుండా వేయిస్తాను, పిల్లలకి మెట్టులా కూడా పనికొస్తాయి.

ఆ టైర్లకి పాత పికప్ రావాలంటే లెక్క ప్రకారం గేర్ నిష్పత్తి దాదాపు 3.88 కావాలి. సామాను బరువు కూడా ఉంటుంది కాబట్టి 4.10 సరిపోతుందా, 4.56కి వెళ్లాలా? నిష్పత్తి పెంచడం వల్ల హైవే మీద ఇంజిన్ మోత పెరిగితే పిల్లలు నిద్రపోరు.

ఇంకొకటి, నాకు ఇదే ముఖ్యం. గుంతల్లో బండి అటూ ఇటూ ఊగినప్పుడు చిన్నదాని తల సీటు అంచుకి తగులుతోంది. ముందు స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు వైపుల చక్రాలనీ కలిపే కడ్డీ) విప్పితే ఈ ఊపు నిజంగా తగ్గుతుందా, లేక షాక్‌లు మార్చాలా? పిల్లలతో తిరిగేవాళ్లు ముందు దేనికి ఖర్చు పెట్టారో చెప్పండి.