గ్రాఫింగ్ కాల్క్యులేటర్‌కి సొంతంగా బ్యాక్‌లైట్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌లోనే ఇక్కడికి వచ్చాను. సెకండ్ హ్యాండ్ టీఐ-84 ప్లస్ ఒకటి కొన్నాను. రూమ్మేట్ పడుకున్నాక గదిలో లైటు వేయలేను, చీకట్లో స్క్రీన్ అసలు కనబడదు. లోపల ఎల్ఈడీలు పెట్టుకోవచ్చంటున్నారు, నిజమేనా? సోల్డరింగ్ కొద్దిగా వచ్చు. అన్నలూ, అక్కలూ, ఏం కొనాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్పండి.

జవాబు 1:
పెట్టుకోవచ్చు తమ్ముడూ. ఎల్ఈడీలు, వైర్లు గంట పని. అసలు పరీక్ష గాజు వెనక ఉంటుంది. ఈ 96×64 చుక్కల స్క్రీన్ వెనక వెండి రంగు పొర ఒకటి అతికించి ఉంటుంది. ముందు నుంచి పడ్డ వెలుతురును అదే తిప్పి పంపుతుంది. అది ఉన్నంతకాలం వెనక ఎంత లైటు పెట్టినా ఇవతలికి రాదు. దాన్ని ఒలిచి తీయాలి. చిక్కేమిటంటే, వెనక పోలరైజర్ (వెలుతురును ఒకే దిశలో వడగట్టే పొర) దానికి అంటుకుని ఉంటుంది కాబట్టి చాలాసార్లు రెండూ కలిసే ఊడొస్తాయి. పోలరైజర్ పోతే అంకెలు ఒక్కటీ కనబడవు. ఎల్‌సీడీ పాడైందని చాలామంది పారేసేది అప్పుడే, కానీ అది పాడవలేదు. లీనియర్ పోలరైజర్ ఫిల్మ్ ముక్క ముందే తెప్పించుకుని పెట్టుకో. సర్క్యులర్ రకం వద్దు. స్క్రీన్ కన్నా బాగా పెద్ద ముక్కే తీసుకో, ఎందుకో కింద చెప్తాను.

ఒలిచే పద్ధతి: పలచటి బ్లేడును గాజుకి దాదాపు సమాంతరంగా పెట్టి ఒక మూల లేపు. ఆ మూల పట్టుకుని వెనక్కి మడిచినట్టుగా, నిదానంగా లాగు. పైకి లాగితే గాజు పగులుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే జిగురు మెత్తబడే మాట నిజమే, కానీ గాజుని బోర్డుకి కలిపే పలచటి కేబుల్ అతుకు కూడా ఆ వేడికే వదులుతుంది. తర్వాత స్క్రీన్ మీద గీతలు గీతలుగా చుక్కలు చచ్చిపోతాయి, అది మళ్ళీ అతకడం ఇంట్లో అయ్యే పని కాదు. అందుకే వేడి వద్దు, ఓపికే మందు. ఆ కేబుల్‌ని మడత పెట్టొద్దు. మిగిలిన జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడువు. అసిటోన్ దగ్గరికి రానీయకు, ముందు పోలరైజర్ని తినేస్తుంది.

కొత్త ఫిల్మ్ కోణం చూడ్డానికి కరెంటు అక్కర్లేదు. గాజు వెనక ఫిల్మ్ పట్టుకుని, వెలుతురుకి ఎదురుగా పెట్టి తిప్పుతూ చూడు. ఒక చోట స్క్రీన్ లేతగా, అక్కడి నుంచి 90 డిగ్రీల దగ్గర ముదురుగా అవుతుంది. లేతగా ఉన్న చోటే నీకు కావలసింది. ముదురు వైపు పెడితే నల్లటి తెర మీద వెలిగే అంకెలొస్తాయి. కొందరు కావాలనే అలా పెట్టుకుంటారు, చీకట్లో కళ్ళకి హాయి. కోణం కుదిరాక గుర్తు పెట్టి, ఆ వాలులోనే కత్తిరించు. ఏటవాలుగా కోయాల్సి రావచ్చు, పెద్ద ముక్క అన్నది అందుకే.

జవాబు 2:
లైటు సంగతి నేను చెప్తాను. తెల్ల ఎల్ఈడీకి దాదాపు 3.1 వోల్టులు కావాలి. నాలుగు కొత్త ఏఏఏ ఆల్కలైన్ బ్యాటరీలు కలిపితే 6.4 దాకా ఉంటాయి. రెండు ఎల్ఈడీలను సిరీస్‌లో పెట్టొద్దు, బ్యాటరీ కాస్త దిగగానే ఆరిపోతాయి. నాలుగింటినీ సమాంతరంగా కలిపి, ఒక్కోదానికి విడిగా 680 ఓంల రెసిస్టర్ పెట్టండి. ఒక్కోటి 5 మిల్లీ ఆంపియర్లకి కొంచెం తక్కువ లాగుతుంది, మొత్తం 20 లోపే. అన్నిటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెడితే వోల్టేజీ కాస్త తక్కువున్న ఎల్ఈడీ ఎక్కువ కరెంటు మింగుతుంది, వెలుగు ఒక పక్కకే పడుతుంది. రీచార్జబుల్ సెల్స్ అయితే మొత్తం 4.8 వోల్టులే, వెలుగు సగానికి దిగుతుంది. వాటికి 330 ఓంలు చాలు.

కరెంటు నేరుగా బ్యాటరీ ప్లస్, మైనస్‌ల నుంచే తీసుకోండి, బోర్డు లోపలి నుంచి కాదు. మధ్యలో చిన్న స్లైడ్ స్విచ్ పెట్టండి. కాల్క్యులేటర్ కాసేపటికి తానే ఆగిపోతుంది కానీ మీ లైటు ఆగదు. ఏఏఏ సామర్థ్యం సుమారు 1000 మిల్లీ ఆంపియర్ గంటలు అనుకుంటే, స్విచ్ మరిచిపోతే రెండు రోజుల్లో ఖాళీ. నొక్కి పట్టుకుంటేనే వెలిగే బటన్ పెడితే ఆ బెడద లేదు, కానీ చెయ్యి నొప్పి.

వెలుగు పరవడానికి 1 మి.మీ. పారదర్శక యాక్రిలిక్ ముక్క వాడండి. ఎల్ఈడీలు ఒక అంచున వస్తాయి. వెనక వైపు సన్నటి గరుకు కాగితంతో రుద్దండి, ఎల్ఈడీల దగ్గర పలచగా, దూరంగా పోయేకొద్దీ చిక్కగా. అంతా ఒకేలా రుద్దితే ఎల్ఈడీల వైపు అంచు మరీ ఎక్కువ వెలుగుతుంది, అవతలి అంచు చీకటి. వెనక తెల్ల కాగితం, ముందు డిఫ్యూజర్ ఫిల్మ్ (వెలుగును సమంగా పరిచే పొర). పాత ఫోన్ బ్యాక్‌లైట్ తీసి వాడితే ఈ శ్రమంతా తప్పుతుంది, కానీ వాటిలో ఎల్ఈడీలు సిరీస్‌లో ఉండొచ్చు, ముందు కొలిచి చూడండి. ఈఎల్ షీట్ (కరెంటు ఇస్తే మొత్తం వెలిగే పలచటి రేకు) జోలికి మాత్రం వెళ్ళొద్దు. దానికి ఇన్వర్టర్ కావాలి, అది సన్నగా కూత పెడుతుంది, రూమ్మేట్ లేస్తాడు.

జవాబు 3:
విప్పే ముందు రెండు మాటలు. ప్రోగ్రాములు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకో బాబూ. ఏఏఏలతో పాటు చిన్న బటన్ బ్యాటరీ కూడా తీస్తే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది, ఆర్కైవ్‌లో (కాల్క్యులేటర్‌లో కరెంటు పోయినా నిలిచే మెమరీలో) పెట్టినవి ఉంటాయి. స్క్రూలకి టోర్క్స్ టీ6 (నక్షత్రం మొన ఉన్న స్క్రూడ్రైవర్) కావాలి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తలలు అరిగిపోతాయి. లోపల లోహపు రేకు ఉంటే మీ వైర్లు దానికి తగలకుండా కాప్టాన్ టేపు (వేడికి తట్టుకునే, కరెంటు పారనివ్వని టేపు) వేయి.

హాస్టల్ గదిలో సోల్డరింగ్ చేయకు. ఫ్లక్స్ పొగకి స్మోక్ అలారం మోగితే బిల్డింగంతా బయట నిలబడుతుంది. చాలా యూనివర్సిటీల్లో మేకర్‌స్పేస్ (విద్యార్థులు పనిముట్లు వాడుకునే వర్క్‌షాప్) ఉంటుంది, సన్న మొన ఐరన్, మల్టీమీటర్ అన్నీ అక్కడే దొరుకుతాయి. డిపార్ట్‌మెంట్ వాళ్ళు అరువిచ్చిన కాల్క్యులేటర్‌ని మాత్రం విప్పకు. పరీక్ష హాల్లోకి మార్పులు చేసిన కాల్క్యులేటర్ రానిస్తారో లేదో ప్రొఫెసర్‌ని మెయిల్లో అడిగి, జవాబు దాచుకో. కేవలం వెలుగు కోసమే అయితే, 2015లో వచ్చిన టీఐ-84 ప్లస్ సీఈకి బ్యాక్‌లైట్ ముందే ఉంది, అదీ ఆలోచించు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. మేకర్‌స్పేస్‌లో శనివారం టైమ్ తీసుకున్నాను. ఇంకొక్కటి: లైటు ఆపితే పగలు స్క్రీన్ కనబడుతుందా?

జవాబు 1:
వెనక తెల్ల కాగితం ఉంటే కనబడుతుంది, కానీ మునుపటంత కాదు, కాస్త మసక. సెకండ్ (2nd) బటన్ నొక్కి, తర్వాత పై బాణం పట్టుకుంటే కాంట్రాస్ట్ పెరుగుతుంది. లైటు వేసినప్పుడు మళ్ళీ తగ్గించుకోవాల్సి వస్తుంది. పగలు కూడా స్పష్టంగా కావాలంటే యాక్రిలిక్ ముందు ట్రాన్స్‌ఫ్లెక్టివ్ ఫిల్మ్ (కొంత వెలుతురును తిప్పి పంపి, కొంత దాటనిచ్చే పొర) వేయాలి, అప్పుడు రాత్రి వెలుగు కొంత తగ్గుతుంది. మూత బిగించేటప్పుడు స్క్రీన్ మధ్యలో నల్లటి మచ్చలా కనిపిస్తే లోపల పొరలు మందమై గాజుని నొక్కుతున్నాయని అర్థం. స్క్రూ ఇంకా బిగించకుండా విప్పి, ఒక పొర తీసెయ్.