ఫైలు పేరు చివర ఉండేదాన్ని ‘పొడిగింపు’ అనవచ్చా?

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను. మీరేమంటారో చెప్పండి.

మా పిన్ని చెన్నైలో పెరంబూరులో ఉంటుంది. తెలుగు పండితురాలిగా చేసి రిటైరైంది. నెట్‌లో శతక పద్యాలు కనిపిస్తే చాలు, ఆ పేజీని కంప్యూటర్లో దాచుకుని, తనకు గుర్తుండే పేరు పెట్టుకుంటుంది. మొన్న ఆదివారం నేను పక్కనే ఉన్నాను. ఫైలు మీద ఎఫ్2 నొక్కింది. విండోస్ చుక్కకు ముందున్న పేరు వరకే నీలం చేసి చూపిస్తుంది, వెబ్ పేజీ అని తెలిపే చివరి డాట్ హెచ్‌టీఎంఎల్‌ను ముట్టుకోదు. పిన్ని మాత్రం కంట్రోల్ ఏ కొట్టి మొత్తం తుడిచేసి ‘నీతిపద్యాలు’ అని టైపు చేసింది. వెంటనే ఇంగ్లిషులో ఒక హెచ్చరిక వచ్చింది.

“ఏమంటోందిరా ఇది?”

“ఎక్స్‌టెన్షన్ మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చట పిన్నీ. అయినా మార్చమంటావా అని అడుగుతోంది.”

మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది. “అమ్మో, పద్యాలన్నీ పోతాయా? అసలు ఎక్స్‌టెన్షనంటే ఏమిటి?”

“పొడిగింపు” అన్నాను.

“గడువు పొడిగిస్తారు, రైలు మార్గం పొడిగిస్తారు. పొడిగించింది తీసేస్తే అసలుది మిగలాలి కదా? అసలుకే మోసం వస్తుందంటున్నావేం?”

నా దగ్గర జవాబు లేదు. ఎస్ నొక్కించాను. ఫైలు బొమ్మ తెల్ల కాగితంలా మారింది. రెండుసార్లు నొక్కితే దేనితో తెరవాలని అడిగింది. మళ్లీ పేరు చివర చుక్క పెట్టి హెచ్‌టీఎంఎల్ అని చేర్చాం. హెచ్చరిక మళ్లీ వచ్చింది, ఎస్ అన్నాం, పద్యాలన్నీ ఎప్పటిలాగే తెరుచుకున్నాయి. లోపలి అక్షరం ఒక్కటీ చెదరలేదు. ఏ ప్రోగ్రాముతో తెరవాలో విండోస్ ఆ చివరి ముక్కను చూసే తేల్చుకుంటుంది. అది లేకపోయేసరికి దిక్కు తెలియలేదు, అంతే.

పిన్ని కాసేపు చూసి, “ఇది ప్రత్యయంరా” అంది. ‘రామ’ అన్నది ప్రాతిపదిక, అంటే ఏ ప్రత్యయమూ చేరని మూలమాట. డు చేరితేనే రాముడు అవుతుంది, వాక్యంలో కుదురుతుంది. డు తీసేసినంత మాత్రాన రాముడు ఎక్కడికీ పోడు, కానీ వాక్యంలో వాడుకోలేం. వనానికి డు తగిలించి ‘వనుడు’ అన్నా అడవి మనిషైపోదు. హెచ్‌టీఎంఎల్ తీసి జేపీజీ అని రాస్తే పేజీ ఫొటో కానట్టే! ఇంత పొందికైన మాట మన వ్యాకరణంలో ఎప్పటినుంచో ఉంటే పొడిగింపు అని ఎందుకు రాస్తున్నామో నాకు బోధపడటం లేదు. బ్రౌజరుకు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్లను పొడిగింపులంటే ఒప్పుకుంటాను. అవి నిజంగానే బ్రౌజరు చేసే పనిని పెంచుతాయి, తీసేస్తే బ్రౌజరు మిగులుతుంది. రెండింటికీ ఒకే మాట వాడటంతోనే చిక్కంతా.

(సాయంత్రం కలిపినది)

‘తోక’ చాలదా అని ఇద్దరు అడిగారు. మాట్లాడేటప్పుడు నేనూ తోకే అంటాను. విండోస్‌కు ముందు కంప్యూటర్లను నడిపిన పాత డాస్‌లో పేరుకు 8 అక్షరాలు, చుక్క తరువాత 3 మాత్రమే చెల్లేవి కాబట్టి హెచ్‌టీఎంఎల్ కాస్తా హెచ్‌టీఎం అయింది. తోక కత్తిరించారని చెబితే పిల్లలకు కూడా ఇట్టే అర్థమవుతుంది. కానీ తోక తెగినా బల్లి బల్లే. చివరి ముక్కే దారి చూపిస్తుందన్న సంగతి తోకలో వినిపించదు. 2000 మేలో ఐలవ్‌యూ వైరస్ వచ్చిన ఫైలు పేరులో టీఎక్స్‌టీ (ఉత్త రాత ఫైలు), వీబీఎస్ (నొక్కితే నడిచే ప్రోగ్రాము) రెండూ ఉన్నాయి. విండోస్ చివరిదాన్ని దాచేయడంతో జనం టీఎక్స్‌టీ చూసి ప్రేమలేఖ అనుకున్నారు. నడిచింది మాత్రం చివరి వీబీఎస్. అందుకే పిన్ని విండోస్ 11లో వ్యూ, షోలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఎప్పుడో ఆన్ చేసి పెట్టాను.

ఇక నా ‘పనికిరాకుండా పోవచ్చు’. పాలు విరిగితే అనే మాట అది, మళ్లీ బాగుపడదన్న భయం పుట్టిస్తుంది. ‘ప్రత్యయం మారిస్తే ఫైలు తెరుచుకోకపోవచ్చు’ అంటే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. నిన్న ఫోనులో ఇదే చదివి వినిపించాను. “ఇలా చెప్పుంటే నేనే నో నొక్కేదాన్ని కదరా” అంది.

సాఫ్ట్‌వేర్ తెలుగు చేసే పనిలో ఉన్నవాళ్లు ఈ గుంపులో ఉన్నారు. ప్రత్యయం అని రాయడానికి మీకేమైనా అడ్డంకి ఉందా?